అల్లిక, ప్రశ్నలూ జవాబులూ: ఊలు దుకాణంలో ఏమి అడగవచ్చు, ఏమి ఆశించవచ్చు?

కిందటి సంచికలో ఊలు ఎంపిక గురించి రాస్తూ, అనుమానం ఉంటే దగ్గరలోని ఊలు దుకాణంలో అడగమని చివర ఒక్క వాక్యం చేర్చాము. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆ ఒక్క వాక్యం గురించే. దుకాణాల కాలం చెల్లిపోయిందన్నవారు, అక్కడ అడగడానికి మొహమాటపడేవారు, దుకాణం నడుపుతూ విసిగిపోయినవారు, అందరూ రాశారు. కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: ఊలు, సూదులు, ప్యాటర్న్‌లు (ఒక వస్త్రాన్ని ఎలా అల్లాలో చెప్పే సూచనలు), నేర్పే వీడియోలు అన్నీ ఇంటి నుంచి కదలకుండానే ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. చాలాసార్లు ధర కూడా తక్కువే ఉంటోంది. ఇంకా దుకాణానికి వెళ్ళమని మీరు సలహా ఇవ్వడం పాత అలవాటు మీద మమకారం కాదా?
— అయిదేళ్ళుగా అల్లుతున్న పాఠకురాలు

జవాబు: మమకారం కోసం ఎవరూ దుకాణానికి వెళ్ళనవసరం లేదు. మరోచోట దొరకనిది అక్కడ దొరికితేనే వెళ్ళాలి. అలాంటిది ఏమైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఊలు లేబుల్ మీద పీచు రకం, బరువు, పొడవు, గేజ్ (10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వస్తాయన్న లెక్క), ఉతికే పద్ధతి ఉంటాయి. ఈ వివరాలన్నీ తెర మీద కూడా కనిపిస్తాయి. అయితే ఒకే మందం, ఒకే గేజ్ ఉన్న రెండు రకాల ఊలు స్వెటర్‌గా మారాక పూర్తిగా వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. మెరినో జాతి గొర్రె ఊలును లాగి వదిలితే తిరిగి తన ఆకారానికి వస్తుంది. అల్పాకా అనే జంతువు బొచ్చుతో చేసిన దారం ఎంతో మెత్తగా, వెచ్చగా ఉంటుంది గాని దానికి ఆ సాగి ముడుచుకునే గుణం తక్కువ. అందువల్ల అల్పాకాతో అల్లిన పొడవాటి కార్డిగన్ తన బరువుకు తానే కిందికి జారుతూ వాడుతున్న కొద్దీ పొడవు పెరుగుతుంది. ఇక మామూలు ఊలు పీచు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. వేడి, తేమ, రాపిడి తోడైనప్పుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని బట్ట కుంచించుకుపోతుంది. సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఊలులో ఆ పొలుసులను రసాయనంతో అణచివేసి, సాధారణంగా పైన పలుచని పాలిమర్ పూత కూడా వేస్తారు. అప్పుడు దానిని మెషిన్‌లో ఉతుక్కోవచ్చు గాని, పక్కపక్క కుట్లు ఒకదానినొకటి పట్టుకొని నిలిచే గుణం తగ్గుతుంది, తడిసినప్పుడు బట్ట సాగుతుంది. రెండు మూడు రంగులు కలిపి బొమ్మలు అల్లే పనికి చాలామంది సూపర్‌వాష్ కాని ఊలునే కోరుకోవడానికి కారణం ఇదే.

ఇవన్నీ పుస్తకాల్లో దొరికే సంగతులే. ఫలానా కంపెనీ ఫలానా రకం ఊలు ఒక చలికాలం వాడాక ఎలా ఉంటుందన్నది మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. దుకాణంలో ఊలు కొన్నవారు దానితో అల్లినది వేసుకొని మళ్ళీ ఆ దుకాణానికే వస్తారు. మోచేతుల దగ్గర ఉండలు కట్టిందనో, ముదురు ఎరుపు ఉతికినప్పుడు పక్కనున్న తెలుపులోకి దిగిందనో, ఉండ మధ్యలో ముడులు ఎక్కువగా వచ్చాయనో అక్కడ చెబుతారు. ఊలు అమ్మిన చోటికే దాని తర్వాతి కథ కూడా చేరుతుందన్నమాట. సరైన దుకాణదారు ఆ కథను విని ఊరుకోరు. మిల్లు ప్రతినిధికో, చేత్తో రంగులు అద్దే చిన్న తయారీదారుకో దానిని చేరవేస్తారు, తర్వాత అదే ఊలు అడిగిన కొనుగోలుదారును హెచ్చరిస్తారు. మిల్లు, రంగు అద్దేవారు, ప్యాటర్న్ రాసేవారు, అల్లేవారు ఒకరినొకరు చూడకుండానే ఒకే పని చేస్తూ ఉంటారు. వీరి మధ్య మాట అటూ ఇటూ నడిచే చోట్లలో ఊలు దుకాణం ఒకటి.

అలాగని తెర మీది ప్రపంచాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 2007లో జెస్సికా ఫోర్బ్స్, క్యాసిడీ ఫోర్బ్స్ ప్రారంభించిన రావెల్రీ అనే వెబ్‌సైట్ అల్లేవారికి చేసిన మేలు చాలా పెద్దది. ఒక ప్యాటర్న్‌ను ఎంతమంది ఏ ఊలుతో అల్లారో, ఎవరి దేహానికి అది ఎలా అమరిందో ఫొటోలతో సహా అక్కడ చూడవచ్చు. తెలివైన దుకాణదారులు దానిని పోటీగా చూడరు. కొనుగోలుదారు అడిగిన ప్యాటర్న్‌ను కౌంటరు మీదే తెరిచి, ఇతరులు వాడిన ఊలు రకాలు చూపి, తమ అరల్లో వాటికి దగ్గరగా ఉన్నది తీసి చేతికిస్తారు.

తెరకు చేతకాని పని ఇంకొకటి ఉంది. దారాన్ని సూది చుట్టూ తిప్పవలసిన దిక్కుకు బదులు ఎదురు దిక్కులో తిప్పడం వల్ల కుట్లన్నీ మెలిపడి, అల్లిక బిగుసుకుపోయి, ఒక పక్కకు వాలిపోతున్నా కారణం తెలియక ఏళ్ళ తరబడి అలాగే అల్లేవారు ఉన్నారు. వీడియోలో నేర్పే మనిషి మీ చేతులను చూడలేదు. మీ ఎదురుగా కూర్చున్న మనిషి రెండు వరుసలు అల్లేలోపే ఆ లోపాన్ని పట్టుకుంటుంది.

ప్రశ్న: ప్యాటర్న్‌లో 8వ నంబరు సూది వాడమని ఉంది. మా అమ్మ వాడిన పాత సూదుల్లో 8వ నంబరు ఉంటే దానితోనే అల్లాను. స్వెటర్ బిగుతుగా, చిన్నదిగా వచ్చింది. తప్పు ప్యాటర్న్‌దా, నాదా?
— కొత్తగా నేర్చుకుంటున్న పాఠకురాలు

జవాబు: ఇద్దరిదీ కాదు, నంబర్లది. అమెరికా పద్ధతిలో నంబరు పెరిగిన కొద్దీ సూది లావవుతుంది. పాత బ్రిటిష్ పద్ధతిలో నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా 8వ నంబరు సూది 5 మిల్లీమీటర్లు. పాత బ్రిటిష్ 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లే. మీ ప్యాటర్న్ మొదటి పద్ధతిది, మీ అమ్మగారి సూదులు రెండో పద్ధతివి అయి ఉంటాయి. నంబరును పట్టించుకోకుండా మిల్లీమీటర్లను చూసుకోవడం అన్నివిధాలా క్షేమం. నంబరు చెరిగిపోయిన సూదులను ఊలు దుకాణానికి తీసుకువెళ్తే, రంధ్రాలున్న కొలత పలకలో దూర్చి నిమిషంలో చెబుతారు.

అయితే సూది సరైనదైనా మచ్చు ముక్క అల్లకుండా స్వెటర్ మొదలుపెట్టకండి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలని ప్యాటర్న్ కోరిందనుకుందాము. ఛాతీ చుట్టూ 200 కుట్లు ఉంటే స్వెటర్ చుట్టుకొలత సుమారు 91 సెంటీమీటర్లు వస్తుంది. మీ చేతికి 20 కుట్లే వస్తే అదే 200 కుట్లు 100 సెంటీమీటర్లవుతాయి. రెండు కుట్ల తేడా చివరకు 9 సెంటీమీటర్ల తేడాగా తేలుతుంది. ఆ ముక్కను ఉతికి, ఆరబెట్టిన తర్వాతే కొలవాలి. దానిని దుకాణానికి తీసుకువెళ్ళి చూపించడానికి సిగ్గుపడకండి. కౌంటరు వెనక ఉన్నవారికి మీరు చెప్పే పది మాటల కన్నా ఆ ముక్కే ఎక్కువ చెబుతుంది.

ప్యాటర్న్‌లో చెప్పిన ఊలు బదులు మరొకటి కొనేటప్పుడు కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఉండల సంఖ్యను, గ్రాములను కాక మీటర్లను లెక్కపెట్టండి. 110 మీటర్ల ఉండలు అయిదు కావాలంటే మొత్తం 550 మీటర్లు. మీకు నచ్చిన ఊలు ఉండకు 90 మీటర్లే ఉంటే అయిదు కొంటే 100 మీటర్లు తక్కువ పడుతుంది, ఏడు కొనాలి. అన్నింటి మీదా ఒకే డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు అద్దిన ఉండలకు వేసే నంబరు) ఉందో లేదో అక్కడే చూసుకోండి. తర్వాత తెచ్చుకునే ఉండ అదే రంగు పేరుతో వచ్చినా, వేరే లాటులో అద్దినదైతే అల్లికలో అడ్డగీతలా కనిపించే ప్రమాదం ఉంది.

ప్రశ్న: తగ్గింపు ధరకు వస్తోందని ఊలును వేరే చోట తెప్పించుకున్నాను. సగం అల్లాక మెడ దగ్గర ప్యాటర్న్ అర్థం కాలేదు. దగ్గరలోని ఊలు దుకాణానికి తీసుకువెళ్తే అక్కడి ఆమె సహాయం చేసింది గాని ముఖం అంత ప్రసన్నంగా లేదు. మరోసారి వెళ్ళాలంటే బిడియంగా ఉంది. ఇలా వెళ్ళడం తప్పా?
— మొహమాటస్తురాలు

జవాబు: తప్పు కాదు. కాని ఆమె ముఖం ఎందుకలా ఉందో మీరు కాస్త ఆలోచించాలి.

దుకాణంలో సలహా ఉచితమని అందరూ అనుకుంటారు. నిజానికి సలహా ఖర్చు ఊలు ధరలో కలిసి ఉంటుంది. అద్దె, విద్యుత్తు, జీతాలు, అమ్ముడుపోకుండా మిగిలిన రంగులు, మీకు మెడ కుట్లు ఎత్తి చూపిన అరగంట, ఇవన్నీ టోకు ధరకూ అమ్మకపు ధరకూ మధ్య ఉన్న తేడాలో నుంచే రావాలి. మీరు ఆ తేడాను మరోచోట తగ్గింపుగా పొంది, అరగంటను మాత్రం ఇక్కడ పొందారు. ఆమె ఈ లెక్కను పైకి చెప్పదు. లేబుల్ చూడకుండానే ఆ ఊలు తన దుకాణానిది కాదని ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. తమ అరల్లో లేని ఊలును గుర్తుపట్టడంలో దుకాణదారులకు ఉండే చూపు అసాధారణమైనది.

ఇందులో పాటించదగిన మర్యాద పెద్ద కష్టమైనది కాదు. జారిన కుట్టు ఎక్కించడం, ప్యాటర్న్‌లో ఒక గుర్తుకు అర్థం చెప్పడం లాంటి రెండు నిమిషాల సహాయం ఎవరైనా అడగవచ్చు, ఊలు ఎక్కడ కొన్నదన్న ప్రసక్తి అక్కర లేదు. అరగంట, గంట పట్టే పని అయితే, ముందే ఆ మాట చెప్పి, దుకాణంలో రుసుము తీసుకొని నేర్పే సమయం ఏదైనా ఉందా అని అడగండి. చాలా దుకాణాల్లో ఉంటుంది. లేకపోతే రద్దీ లేని వేళ ఎప్పుడో కనుక్కొని అప్పుడు వెళ్ళండి, వెళ్ళినప్పుడు ఆ పనికి అవసరమయ్యే గుర్తు రింగులో, కేబుల్ సూదో అక్కడే కొనండి. ఊలు ఎక్కడిదన్న విషయంలో అబద్ధం మాత్రం చెప్పకండి. అది మర్యాద కోసమే కాదు, పీచు ఏమిటో సరిగా తెలియకపోతే ఆమె ఇచ్చే సలహా కూడా తప్పుతుంది. ఆక్రిలిక్ అనే కృత్రిమ దారాన్ని ఊలు అనుకొని ఆవిరి ఇస్త్రీ పెట్టమంటే ఆ మెడ సాగిపోయి మళ్ళీ ముడుచుకోదు, చచ్చినట్టు పడి ఉంటుంది.

దుకాణాల తరఫున కూడా ఒక మాట చెప్పక తప్పదు, అది వారికి నచ్చకపోవచ్చు. ఆక్రిలిక్ తెచ్చినవారిని, చౌక ఊలు తెచ్చినవారిని, క్రోషా మాత్రమే వచ్చినవారిని చిన్నచూపు చూసే దుకాణాలు ఉన్నాయి. అల్లడం మొదలుపెట్టిన వారిలో చాలామంది చేతిలో మొదట ఉండేది ఆక్రిలిక్కే. పసిపిల్లల బట్టలకు, తరచుగా మెషిన్‌లో ఉతకవలసిన వాటికి, ఊలు ఒంటికి పడనివారికి అది మంచి ఎంపిక కూడా. అలాంటి దుకాణం మీకు ఎదురైతే మరోసారి వెళ్ళవలసిన బాధ్యత మీకు లేదు. మీ ఉత్తరంలోని ఆమె అలా చేసినట్టు లేదు, సహాయం చేసింది. ఆమె దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.

ప్రశ్న: నేను ఊలు దుకాణం నడుపుతున్నాను. వచ్చినవారు ఊలును చేత్తో తాకి, లేబుల్ ఫొటో తీసుకొని వెళ్ళిపోతారు. ఒకరు కొన్న ప్యాటర్న్‌ను పదిమంది నకళ్ళు తీసుకుంటారు. ఫొటోలు నిషేధమని బోర్డు పెట్టమని కొందరు సలహా ఇస్తున్నారు. మీ అభిప్రాయం?
— ఒక దుకాణదారు

జవాబు: బోర్డు పెట్టకండి. ఫొటో తీసుకున్నవారిలో ఇంటికి వెళ్ళి ప్యాటర్న్‌తో సరిచూసుకొని మళ్ళీ వచ్చేవారు కూడా ఉంటారు. ఎవరు ఎందుకు తీస్తున్నారో బోర్డు తేల్చలేదు, అందరినీ ఒకే గాటన కడుతుంది.

ప్యాటర్న్‌ల విషయం వేరు. ప్యాటర్న్ రాసినవారు లెక్కలు కట్టి, రకరకాల కొలతలకు పెంచి, ఇతరులచేత పరీక్షగా అల్లించి, తప్పులు దిద్దించి అమ్ముతారు. దాని మీద హక్కు వారిది. ఒక ప్రతి కొని పదిమందికి నకళ్ళు పంచడం వారి సంపాదన మీద దెబ్బ కొట్టడమే. మీ దుకాణంలో జరిగే తరగతిలో మాత్రం ఇది జరగనివ్వకండి. ప్రతి ఒక్కరూ తమ ప్రతి కొనుక్కోవాలని తరగతి ప్రకటనలోనే రాయండి. ముద్రించిన ప్రతులు మాత్రమే కాక, రావెల్రీలో ప్యాటర్న్‌లు అమ్మే రూపకర్తల పనిని దుకాణం ద్వారా అమ్మి, ప్రతిని నేరుగా కొన్నవారి ఖాతాలోకి చేర్చే ఏర్పాటు కూడా వచ్చింది. ఈ పద్ధతుల్లో రూపకర్తకూ మీకూ ఇద్దరికీ వాటా వస్తుంది.

ఊలు అమ్మే విషయంలో మీ చేతిలో ఉన్న బలమైన సాధనం అల్లి తగిలించిన నమూనా వస్త్రం. అరలో చుట్టి ఉన్న రంగురంగుల చిలప (వదులుగా చుట్టిన దారపు కట్ట), ముఖ్యంగా చేత్తో అద్దినది, అల్లాక ఎలా కనిపిస్తుందో అనుభవం ఉన్నవారు కూడా ఊహించలేరు. చిలపలో అందంగా కలిసిపోయిన రంగులు అల్లికలో ఒకచోట గుమిగూడి మచ్చలుగా తేలవచ్చు. నమూనాను చూసి, తొడిగి చూసుకొన్నవారు ఊలుతో పాటు ప్యాటర్న్ కూడా కొంటారు. ఆ నమూనా పక్కన ఊలు పేరు, పట్టిన మీటర్లు, వాడిన సూది, అల్లిన కొలత రాసిన చీటీ ఉంచండి. చేత్తో అద్దిన చిలపలు ఒకే లాటులోవైనా ఒకదానికొకటి పూర్తిగా కలవవు కాబట్టి, రెండు చిలపలతో రెండేసి వరుసలు మార్చి మార్చి అల్లాలని కూడా ఆ చీటీలోనే రాస్తే, తర్వాత వచ్చే ఫిర్యాదులు సగం తగ్గుతాయి.

అందరూ ఒకే ప్యాటర్న్‌ను ఒకేసారి మొదలుపెట్టి వారం వారం కలుసుకుంటూ అల్లే కార్యక్రమాలు మీరు వినే ఉంటారు. ఊలు అమ్మకం ఒక్కరోజుతో ముగియకుండా కొన్ని వారాల పాటు మనుషులు వస్తూ పోతూ ఉండటానికి అవి మంచి మార్గం. రంగులు అద్దేవారిని, రూపకర్తలను పిలిచి వారి సరుకును, నమూనాలను రెండు మూడు రోజులు ప్రదర్శించడం మరొకటి. ఒకే ప్రాంతంలోని దుకాణాలన్నీ కలిసి, వాటన్నింటినీ చుట్టి వచ్చినవారికి బహుమతి ఇచ్చే పద్ధతి కూడా పలుచోట్ల నడుస్తోంది. 2018లో అమెరికాలో స్థానిక ఊలు దుకాణాల దినం అని ఏప్రిల్ నెలలో ఒక రోజును మొదలుపెట్టి, ఆ రోజు దుకాణాల్లో మాత్రమే దొరికే ఊలు రంగులను, ప్యాటర్న్‌లను విడుదల చేయడం ప్రారంభించారు. పక్క దుకాణం మీకు పోటీ అని మీరు అనుకోవచ్చు. రెండు దుకాణాలున్న చోట అల్లేవారు ఎక్కువమంది తయారవుతారన్నది మా నమ్మకం.

ప్రశ్న: నేను పురుషుడిని, ఉద్యోగ విరమణ తర్వాత అల్లడం నేర్చుకున్నాను. దగ్గరలోని దుకాణంలో వారానికి ఒక సాయంత్రం కొందరు కూర్చొని అల్లుకుంటారట. నేను వెళ్ళవచ్చా? వెళ్ళిన ప్రతిసారీ ఏదైనా కొనాలా?
— ఒక పాఠకుడు

జవాబు: తప్పక వెళ్ళండి. ఐరోపాలో మధ్యయుగాల చివర అల్లిక వృత్తిసంఘాలు ఏర్పడినప్పుడు వాటిలో పనివారు పురుషులే. పనిలో నైపుణ్యం చూపి సభ్యత్వం సంపాదించేవారు. సూదులు స్త్రీల చేతికే పరిమితమన్న భావన తర్వాతి కాలంలో బలపడినదే. మొదటి రోజు మీ వైపు ఒకటికి రెండుసార్లు చూస్తే చూస్తారు. మీ చేతిలోని అల్లిక బాగుంటే ఆ చూపు దాని మీదికి మళ్ళుతుంది.

ప్రతిసారీ కొనాలన్న నియమం చాలాచోట్ల ఉండదు, ఉంటే ముందే చెబుతారు. అయితే ఆ కుర్చీలు, దీపాలు ఎవరి ఖర్చుతో ఉన్నాయో మరచిపోకండి. మీకు ఎలాగూ కావలసిన ఊలును అక్కడే కొనడం సరిపోతుంది. ఇంకో జాగ్రత్త: కొన్ని బృందాలు ఏళ్ళ పరిచయం వల్ల తమలో తాము మాట్లాడుకుంటూ కొత్తవారిని పలకరించడం మరచిపోతాయి. అది ద్వేషం కాదు, అలవాటు. పక్కవారి అల్లిక గురించి ఒక ప్రశ్న అడగండి, మాట కలుస్తుంది. రెండు మూడు వారాల తర్వాత కూడా కలవకపోతే దుకాణదారుకు చెప్పండి. కొత్తవారిని కూర్చోబెట్టి పరిచయం చేయవలసిన బాధ్యత వారిదే.

దుకాణం గోడల మధ్య కూర్చోవడం ఇబ్బందిగా ఉంటే, 2005లో డానియెల్ లాండెస్ ప్రారంభించిన బహిరంగ అల్లిక దినం జూన్ నెలలో వస్తుంది. ఆ రోజున పలు దేశాల్లో అల్లేవారు పార్కుల్లో, కూడళ్ళలో కలిసి కూర్చుంటారు. అక్కడ అపరిచితులతో పరిచయం చేసుకోవడం మరింత సులువు.

ప్రశ్న: మా బృందం ఆసుపత్రిలోని నవజాత శిశువులకు టోపీలు అల్లి ఇవ్వాలనుకుంటోంది. దుకాణదారు సహకరిస్తామన్నారు. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక అల్లిక బృందం

జవాబు: మొదట సూదులు పక్కన పెట్టి ఆసుపత్రిని అడగండి. వారికి టోపీలు కావాలా, ఏ కొలతల్లో, ఏ పీచుతో, ఎన్ని, ఎలా శుభ్రం చేస్తారు అన్న వివరాలు చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం ఇంటింటా అల్లిన మేజోళ్ళు, మఫ్లర్లు వెల్లువలా వచ్చిపడ్డాయి. అవి ఒకచోట కుప్పలు పడుతూ మరోచోట కొరత ఏర్పడటంతో, బ్రిటన్ ప్రభుత్వం 1915లో ఈ స్వచ్ఛంద కృషిని సమన్వయం చేయడానికే సర్ ఎడ్వర్డ్ వార్డ్‌ను నియమించవలసి వచ్చింది. అమెరికా రెడ్‌క్రాస్ ఏ వస్తువు ఏ కొలతలో ఎలా అల్లాలో నిర్దేశిస్తూ ప్రామాణిక సూచనలు ప్రచురించింది. సైనికుడి కాలి మేజోడులో ముడి ఉంటే నడకలో పుండు పడుతుంది. ఇచ్చేవారి ఇష్టం కన్నా వాడేవారి అవసరం ముఖ్యమన్న సంగతి అప్పుడే తేలింది.

నెలలు నిండి పుట్టిన శిశువు తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 37 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. టోపీ సాగుతుంది కాబట్టి దానికన్నా కొంచెం తక్కువగా అల్లాలి. నెలలు నిండని శిశువులకు ఇంకా చిన్న కొలతలు కావాలి, అవే తరచుగా కొరతగా ఉంటాయి. గుండీలు, పూసలు, కట్టే తాళ్ళు వద్దు. మొహేర్ లాంటి నూగు లేచే దారం వద్దు, ఆ నూగు ముక్కులోకి, నోట్లోకి పోతుంది. ఆసుపత్రి వేడినీటిలో ఉతుకుతుంది కాబట్టి మామూలు ఊలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది. మెత్తని నూలుదారమో, ఉతుకుకు తట్టుకునే మరో పీచో వారి అనుమతితో ఎంచుకోండి. సిగరెట్ పొగ, పెంపుడు జంతువుల వెంట్రుకలు తగలని చోట ఉంచి, సువాసన లేని సబ్బుతో ఉతికి ఇవ్వండి.

ఇక్కడ దుకాణం చేయగల పని చాలా ఉంది. ఆమోదించిన దారాన్ని ఒకేసారి ఎక్కువగా తెప్పించి తక్కువ లాభానికి ఇవ్వవచ్చు. మూడు కొలతల్లో నమూనా టోపీలు అల్లి కౌంటరు మీద ఉంచితే, ప్రతి ఒక్కరూ తమ టోపీని వాటి పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఒక పెట్టె, ఒక తుది తేదీ, ఆసుపత్రితో మాట్లాడటానికి ఒకే ఒక్క మనిషి ఉంటే గందరగోళం రాదు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిన స్త్రీల కోసం మెత్తని కృత్రిమ స్తనాలను అల్లించి ఉచితంగా అందించే నిటెడ్ నాకర్స్ సంస్థ వాడదగిన దారాల జాబితాను తానే ప్రకటిస్తుంది. శస్త్రచికిత్స గాయం మీద ఆనేదానికి ఏ దారమైనా ఫరవాలేదని వదిలేయలేము కదా. మీ టోపీలకూ అలాంటి జాబితా ఒకటి రాసి దుకాణంలో అంటించండి.

ప్రశ్న: అల్లిక అంటే నాకు ప్రాణం. ఉద్యోగం మానేసి ఊలు దుకాణం పెట్టాలని ఉంది. సలహా ఇవ్వండి.
— ఉత్సాహవంతురాలు

జవాబు: అల్లడానికి తీరిక కావాలంటే ఉద్యోగంలోనే ఉండండి. దుకాణదారుకు దొరికేది లెక్కలు చూసుకునే సాయంత్రాలు.

ఒక పెద్దల స్వెటర్‌కు మధ్యరకం మందం ఊలు వెయ్యి మీటర్ల పైన పడుతుంది, అదీ ఒకే డై లాటులో. కాబట్టి ప్రతి రంగులో కనీసం పది ఉండలైనా పెట్టుకోవాలి. ఒక రకం ఊలు ఇరవై రంగుల్లో పెడితే రెండు వందల ఉండలు. సన్నని లేసు దారం నుంచి బాగా లావు ఊలు దాకా ఆరు రకాలు పెడితే పన్నెండు వందలు, మొదటి కొనుగోలుదారు లోపలికి రాకముందే. వాటిలో కొన్ని రంగులు ఏడాది దాకా కదలవు. ఈ లెక్క చూశాక కూడా కోరిక నిలిచి ఉంటే, ముందు ఏదైనా దుకాణంలో ఒక చలికాలమూ ఒక వేసవీ పనిచేయండి. వేసవిలో గల్లాపెట్టె ఎలా ఉంటుందో చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: మేము ఏళ్ళుగా కలుసుకునే దుకాణం మూతపడుతోంది. బృందం చెదిరిపోతుందని భయంగా ఉంది.
— బృంద సభ్యురాలు

జవాబు: దుకాణం మూసే లోపు సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు వారి అనుమతితో ఒకచోట రాసుకోండి, చాలా బృందాల వివరాలు దుకాణదారు జ్ఞాపకంలో తప్ప ఎక్కడా ఉండవు. తర్వాత కలుసుకునే చోటు, రోజు, వేళ చివరి సమావేశంలోనే తేల్చండి. "తర్వాత చూద్దాం" అనుకున్న బృందాలు కలవవు. గ్రంథాలయాల్లో, సామాజిక భవనాల్లో గది దొరకవచ్చు. ఊలు అక్కడ ఉండదు, కాబట్టి కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవారికి ఇవ్వడానికి రెండు జతల సూదులు, కొంత లేత రంగు ఊలు బృందం దగ్గర ఉంచండి. ముదురు రంగులో కుట్లు కనిపించవు. దుకాణదారును కూడా మీలో ఒకరిగా పిలవండి; ఇన్నేళ్ళలో ఆమెకు ప్రశాంతంగా కూర్చొని అల్లే అవకాశం వచ్చి ఉండదు.

ప్రశ్న: మా అత్తగారు పోయాక ఆమె దాచుకున్న పెట్టెల కొద్దీ ఊలు మిగిలింది. సగానికి లేబుళ్ళు లేవు. దుకాణం తీసుకుంటుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: తిరిగి అమ్మడానికి సాధారణంగా తీసుకోరు. కాని కొత్తవారికి నేర్పడానికి, పైన చెప్పినలాంటి సేవా కార్యక్రమాలకు కొన్ని దుకాణాలు, బృందాలు సంతోషంగా తీసుకుంటాయి. పీచు ఏమిటో రాసి ఇస్తే వారికి పని తగ్గుతుంది. దారం చిన్న ముక్కను పటకారుతో పట్టుకొని, నీళ్ళ గిన్నె పైన వెలిగించి చూడండి. ఊలు అయితే కాలిన వెంట్రుకల వాసన వచ్చి, మంట తీయగానే తనంత తానే ఆరి, నలిపితే పొడి అవుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసనతో మండిపోయి మెత్తని బూడిద మిగులుతుంది. ఆక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లని ఉండ కడుతుంది. రెండు పీచులు కలిసిన దారమైతే ఈ పరీక్ష స్పష్టంగా తేలదు, దాని మీద "మిశ్రమం" అని రాయండి.

అన్నింటికన్నా ముందు చిమ్మెట పట్టిందేమో చూడండి. ఊలును తినేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పురుగు. తెగిన దారపు పోగులు, ఇసుక లాంటి రెట్ట, సాలెగూడులాంటి పీచు కనిపిస్తే ఆ ఊలును ఎవరికీ ఇవ్వకండి. ఒక్క ఉండ ద్వారా దుకాణం అరలన్నింటికీ పాకుతుంది. ఏమీ కనిపించకపోయినా ప్లాస్టిక్ సంచుల్లో గాలి చొరబడకుండా మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి తెరవకుండానే గది వేడికి రానివ్వాలి, లేకపోతే ఊలు మీద తేమ చేరుతుంది. ఆ తర్వాత దుకాణానికి ఫోన్ చేసి, ఇలా చేశామని చెప్పి తీసుకువెళ్ళండి.